ట్రేడింగ్‌కి ఆరు స్క్రీన్లు కావాలా, రెండు చాలా?

ప్రశ్న:
ఇంట్లో ట్రేడింగ్ కోసం కంప్యూటర్ మార్చాలనుకుంటున్నాను. చేసేది ఇంట్రాడే (ఏ రోజు ట్రేడ్‌లు ఆ రోజే ముగించేయడం), ఆర్డర్లన్నీ చేత్తోనే పెడతాను. గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు, ఆరు మానిటర్లు లేకపోతే వెనకబడిపోతావని ఒక స్నేహితుడు అంటున్నాడు. రెండు చాలని ఇంకొకరు. మీరేమంటారు?

మొదటి జవాబు:
నాకు నాలుగున్నాయి. ఇండెక్స్, నా పొజిషన్లు (నడుస్తున్న ట్రేడ్‌లు), ఆప్షన్ చైన్ (ఆప్షన్ కాంట్రాక్టుల ధరల పట్టిక), ఆర్డర్ విండో, దేనికది విడిగా. విండోలు మార్చుకునేలోపు ధర వెళ్లిపోతుంది. స్క్రీన్ల దగ్గర పొదుపు చేయకండి.

రెండో జవాబు:
ఆర్డర్ విండో చార్టు వెనక దాక్కోకూడదు, నిజమే. అందుకు రెండో స్క్రీన్ కావాలి. ఆపైన పెంచుకుంటూ పోవడం దగ్గరే నాకు పేచీ. నేనూ నాలుగు పెట్టుకుని చూశాను. పక్కన ఏ చార్టు కదిలినా కళ్లు అటే పోయేవి, ప్లాన్‌లో లేని ట్రేడ్‌లోకి దిగిపోయేవాణ్ణి. రెండు తీసేశాక అది బాగా తగ్గింది.

స్క్రీన్లు ఎన్ని అని కాదు, పిక్సెళ్లు ఎన్ని అని చూడండి. 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి 82 పిక్సెళ్లే, సన్న అంకెలు మొరటుగా కనిపిస్తాయి. అదే సైజు 2560 × 1440లో 109 వస్తాయి. పొద్దంతా ధరలు చదివే కళ్లకి ఈ తేడా తెలుస్తుంది. ఒక్క 4కె మానిటర్‌లో నాలుగు ఫుల్ హెచ్‌డీ స్క్రీన్లంత చోటుంటుంది, కాకపోతే పాత హెచ్‌డీఎంఐ 1.4 పోర్టుకి తగిలిస్తే 30 హెర్ట్జ్ (సెకనుకి 30 ఫ్రేములు) దగ్గరే ఆగిపోతుంది. 2.0 గానీ డిస్‌ప్లేపోర్ట్ గానీ ఉందో లేదో ముందే చూసుకోండి. ఓఎల్ఈడీ రకం మానిటర్ మాత్రం వద్దంటాను. టూల్‌బార్లు, వాచ్‌లిస్టు గంటల తరబడి ఒకేచోట ఉంటాయి కాబట్టి తెర మీద వాటి మచ్చ పడే ప్రమాదం ఉంది.

చార్టులకి ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది. ర్యామ్ 16 జీబీ, ట్యాబ్‌లు బాగా తెరిచే అలవాటుంటే 32. ప్రాసెసర్‌లో ఎక్కువ కోర్లు బ్యాక్‌టెస్టింగ్ (ట్రేడింగ్ పద్ధతిని పాత ధరల మీద పరీక్షించడం) చేసేవాళ్లకి పనికొస్తాయి. 60 హెర్ట్జ్‌తో పోలిస్తే 144 హెర్ట్జ్ వల్ల ఫ్రేముకి మిగిలేది దాదాపు 10 మిల్లీసెకన్లు, చూసి ఆలోచించి క్లిక్ చేసే మనిషికి దానితో పనిలేదు.

గ్రాఫిక్స్ కార్డు, అదనపు స్క్రీన్లు కొనకుండా మిగిలిన డబ్బు యూపీఎస్‌కి, రెండో ఇంటర్నెట్ కనెక్షన్‌కి పెట్టండి. రౌటర్‌ని కూడా యూపీఎస్‌కే తగిలించండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, నెట్ ఉండదు. మెటాట్రేడర్ అనే ట్రేడింగ్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి: స్టాప్‌లాస్ (నష్టం పెరగకుండా ఒక ధర దగ్గర ట్రేడ్‌ని మూసేసే ఆర్డర్) బ్రోకర్ సర్వర్‌లో ఉంటుంది, దాన్ని ధర వెంట జరుపుతూ పోయే ట్రెయిలింగ్ స్టాప్ మాత్రం మన కంప్యూటర్‌లో నడుస్తుంది. కంప్యూటర్ ఆగితే స్టాప్ చివరిగా జరిగిన చోటే ఉండిపోతుంది, ధర మీకు అనుకూలంగా ఎంత పోయినా వెంట రాదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
రౌటర్ మాట నిజంగా మంచి సలహా, నాది గోడ సాకెట్‌కే ఉంది. ఈరోజే మారుస్తాను. స్క్రీన్ల విషయంలో మాత్రం ఒప్పుకోను. నేను ఆప్షన్ స్ప్రెడ్‌లు (ఒకటికి మించి ఆప్షన్లు కలిపి చేసే ట్రేడ్‌లు) చేస్తాను, అన్ని లెగ్‌లూ, అంటే అందులోని ఆప్షన్లన్నీ, ఒకేసారి కళ్ల ముందు ఉండాలి. ఒకే షేరు చూసుకునేవాళ్లకి రెండు చాలేమో.

ప్రశ్న అడిగినవారు:
నేను చూసేది రెండు మూడు షేర్లే. అయితే 27 అంగుళాల 1440వి రెండు తీసుకుంటాను. ఇప్పుడున్న ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌కే వాటిని తగిలించుకోవచ్చా?

రెండో జవాబు ఇచ్చినవారు:
అది నేరుగా ఒక్క బయటి మానిటర్‌నే నడుపుతుంది. ముందు ఒక్కటే కొనండి, ల్యాప్‌టాప్ తెర మీద ఆర్డర్ విండో పెట్టుకోండి. కరెంటు పోయినా దాని బ్యాటరీ ఎలాగూ ఉంటుంది, రౌటర్‌కి ఒక చిన్న యూపీఎస్ చాలు.