డిసెంబర్ ప్రోగ్రాం: గ్రేస్ హాపర్ స్టాల్ సంగతి

బెజవాడ నుంచి రాస్తున్నా, ఇక్కడ అర్ధరాత్రి దాటింది. గ్రూపులో అన్ని మెసేజ్‌లు చూసి టెన్షన్ పడ్డాను గానీ తీరా చదివితే ముప్పాతిక వంతు పులిహోర గురించే. సరే, నా స్టాల్ సంగతి చెప్తా.

స్లైడ్‌షో వద్దు, పిల్లలు చూడరు. అమెరికా నేవీలో కంప్యూటర్ల మీద పనిచేసిన హాపర్ గారు ఆఫీసర్లకి ఎలా చెప్పేదో మనమూ అలాగే చేద్దాం. ఒక్కొక్కరి చేతిలో 11.8 అంగుళాల తీగ ముక్క పెట్టి, నానో సెకండులో, అంటే సెకండులో వందకోట్లో వంతులో, కాంతి పోయేది ఇంత దూరమే అనేది. శాటిలైట్ నుంచి కబురు రావడానికి అంతసేపెందుకు అని అడిగే అడ్మిరల్స్‌కి, మధ్యలో ఇలాంటి ముక్కలు బోలెడున్నాయని చెప్పేది.

అందుకని గవర్నర్‌పేటలో ఎర్ర వైరు కాయిల్ కొన్నా. 90 మీటర్లు, కోస్తే 300 ముక్కలు. ఇల్లు కట్టిస్తున్నారా అన్నాడు షాపాయన, కాదండీ పిల్లలకి పంచడానికి అంటే అదోలా చూశాడు. ఇంటికొస్తే అమ్మ, "ఆవకాయకి పెట్టెలో చోటు లేదన్నావు, దీనికెక్కడిదిరా?" అని మొదలెట్టింది. దానికి వెయ్యింతలైన మైక్రో సెకండు కూడా చూపిద్దామనకండి, ఇలాంటి కాయిల్స్ మూడు మోసుకొచ్చినా ఇంకా 30 మీటర్లు తక్కువే.

పోస్టర్ తమ్ముడూ, కంప్యూటర్లో వచ్చే తప్పుకి బగ్ అనే మాట ఆవిడే పుట్టించిందన్న లైను తీసెయ్. ఆ మాట ముందునుంచే ఉంది. 1947లో హార్వర్డ్ మార్క్ 2 అనే కంప్యూటర్‌లో, రిలే అనే స్విచ్‌లో పురుగు దొరికితే లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు, ఆ కథ ఆవిడ నోట బాగా పాకింది, అంతే. దాని బదులు, 1943లో బరువు తక్కువైనా ప్రత్యేక అనుమతితో నేవీలో చేరిందనీ, 1966లో రిటైర్ చేసి మరుసటేడే ఆరు నెలలకని వెనక్కి పిలిచి 1986లో 79 ఏళ్ళు వచ్చేదాకా వదల్లేదనీ రాయి.

పోస్టర్ తమ్ముడు: తీసేశా అన్నా. 'కోబాల్ తల్లి' ఉంచనా?

వద్దు. 1959లో కమిటీ కూర్చుని చేసిన ప్రోగ్రామింగ్ భాష అది, అంతకుముందు ఆవిడ చేసిన ఫ్లో-మ్యాటిక్ అనే భాష మీద చాలావరకు ఆధారపడింది. అమ్మమ్మ అను, సరిపోతుంది. గుంటూరు బ్రాడీపేటలో కోబాల్ నేర్చుకుని 1998లో అమెరికా వచ్చి, ఏడాదికి రెండంకెలే పెట్టడంతో 2000 వస్తే తికమకపడే పాత ప్రోగ్రాములు సరిచేసిన మన బాబాయిలకి ఓ పది నిమిషాలు మైకివ్వండి.

భోజనాల టీమ్ వదిన: పది నిమిషాల్లో దిగుతారా వాళ్ళు? సరేగానీ 300 ముక్కలు ఎవరు కోస్తారు?

నేను దిగిన ఆదివారం, మీ గరాజ్‌లోనే వదినా. స్కేలు, కటింగ్ ప్లయర్ నేను తెస్తా. టీ మీది.