లినక్స్‌కి సలహాలు ఎవరికి పంపాలి, ఎలా రాయాలి?

ప్రశ్న – మహదేవపుర నుంచి

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు వైపు. బెంగళూరు వచ్చి పద్దెనిమిదేళ్ళయింది. మా అపార్ట్‌మెంటులో ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్తాను. ఈ ఏడు కంప్యూటర్‌లో తెలుగు కొట్టడం కూడా నేర్పుదామని, ఇళ్ళల్లో అటక మీద పడున్న ల్యాప్‌టాప్‌లు నాలుగు అడిగి తెచ్చుకున్నాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కదా, వీటిలో విండోస్ 11 ఎక్కదు. ఎస్.పి. రోడ్డుకు వెళ్ళి నాలుగింటికీ ఎస్‌ఎస్‌డీలు వేయించుకొచ్చి, మా అబ్బాయి సాయంతో లినక్స్ ఎక్కించాను. ఉన్నది 4 జీబీ ర్యామే అయినా హాయిగా నడుస్తున్నాయి.

పిల్లల పక్కన కూర్చుని చూస్తుంటేనే ఇబ్బందులు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. నోటుబుక్కులో రాసుకుంటూ పోతే పదిహేడు సలహాలు తేలాయి. రెండు రాత్రులు కూర్చుని అన్నీ ఇంగ్లిష్‌లోకి మార్చి, ఒకే ఉత్తరంగా ఆ డిస్ట్రో (మేం ఎక్కించిన లినక్స్ రకం) వాళ్ళ బగ్‌ల పేజీలో, అంటే లోపాలు రాసే చోట, పెట్టాను. రెండో రోజుకే మూసేశారు. "ఒక రిపోర్టులో ఒక్క విషయమే రాయండి" అని ఒకే ఒక్క లైను. మనసుకు చాలా కష్టమనిపించింది.

ముఖ్యమైనవి చెప్తాను. సాఫ్ట్‌వేర్ అని కొడితే సాఫ్ట్వేర్ అని పడుతోంది, పొల్లు విడిగా నిలవడం లేదు. మా వాళ్ళలో ఒక పాప రాజాజీనగర్‌లో వాళ్ళ తాతగారి ఇంటి అడ్రసు కొడుతూ "రాజ్కుమార్ రోడ్డు ఏంటి మిస్?" అంది. తెరకు తాళం పడినప్పుడు పాస్‌వర్డు ఎన్నిసార్లు కొట్టినా తప్పంటోంది, కాసేపటికి దానంతటదే బాగవుతోంది. ఫోల్డరుకు 'రాష్ట్రాలు' అని పేరు పెడితే కింది వత్తు సగం తెగిపోతోంది. మెనూలు సగం తెలుగు, సగం ఇంగ్లిష్. ఎక్కించేటప్పుడు టైమ్ జోన్‌లో బెంగళూరు లేదు, కోల్‌కతా ఒక్కటే ఉంది. పాత లేజర్ ప్రింటరు ఒకటి అస్సలు పలకడం లేదు. పిల్లలు పని చేస్తుండగా అప్‌డేట్ గుర్తు ఊరికే వచ్చి అడ్డం పడుతోంది.

ఇవి ఎవరికి రాయాలి? రాస్తే పట్టించుకుంటారా? తెలిసినవాళ్ళు చెప్పండి.

జవాబు – బసవనగుడి నుంచి

నమస్తే మేడమ్. మీ ఉత్తరం మూసేశారంటే మీ మాటకు విలువ లేదని కాదు. పదిహేడు విషయాలు ఒకచోట ఉంటే ఏది ఎవరు ఎత్తుకోవాలో తెలియదు. ఒకటి బాగైనా మిగతా పదహారు మిగిలే ఉంటాయి కాబట్టి ఆ రిపోర్టు ఎప్పటికీ ముగియదు. అందుకని మూసేస్తారు. ఆ ఒక్క లైను కాస్త మెత్తగా రాసుండాల్సింది, ఆ మాట నిజం.

ముందుగా ఒక సంగతి. డిస్ట్రో తయారుచేసేవాళ్ళు అన్నీ సొంతంగా వండరు. కీబోర్డు లేఔట్లు (ఏ మీటకు ఏ అక్షరమో చెప్పేవి) ఒకచోటి నుంచి, అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్ ఇంకోచోటి నుంచి, ఫాంట్లు మరోచోటి నుంచి, మెనూలూ కిటికీలూ ఉండే డెస్క్‌టాప్ గ్నోమ్, కేడీఈ అనే ప్రాజెక్టుల్లో ఒకదాని నుంచీ వస్తాయి. వీటన్నిటినీ చేర్చి పొందికగా ఇవ్వడం డిస్ట్రో పని. మన సలహా ఆ ముక్క తయారయ్యే చోటికే వెళ్తే అన్ని డిస్ట్రోల్లోనూ బాగవుతుంది. ఎక్కడికో తెలియకపోతే మాత్రం డిస్ట్రోకే రాయండి, అక్కడినుంచి వాళ్ళే దారి చూపిస్తారు.

మీ పొల్లు సమస్యకు ఈ రోజే మందుంది. సాఫ్ట్‌వేర్‌లో ట్‌కీ వేకీ మధ్య కంటికి కనపడని అక్షరం ఒకటి పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. కీబోర్డు సెట్టింగుల్లో లేఔట్లు చేర్చే చోట 'ఆప్షన్స్' అని ఉంటుంది. గ్నోమ్‌లో అయితే ట్వీక్స్ అనే ప్రోగ్రామ్ వేసుకుంటే అందులో దొరుకుతుంది. అక్కడ స్పేస్ మీటతో నాన్ బ్రేకింగ్ స్పేస్ ఇచ్చే విభాగం తెరిచి, 'జీరో విడ్త్ నాన్ జాయినర్ ఎట్ ద సెకండ్ లెవెల్' అన్నది ఎంచుకోండి. సెకండ్ లెవెల్ అంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని అని అర్థం. ఇకనుంచి ట్ కొట్టాక షిఫ్ట్-స్పేస్, ఆ తర్వాత వే. పొల్లు నిలబడుతుంది. సెట్టింగు మార్చే వీల్లేని కంప్యూటర్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, యు కలిపి నొక్కి, 200సి అని కొట్టి ఎంటర్ చేయండి. చాలా ప్రోగ్రాముల్లో పనిచేస్తుంది, కానీ పిల్లలకు ఇది నేర్పకండి, విసుగొస్తుంది.

మందు ఉన్నంత మాత్రాన మీ సలహా వృథా కాదు. ఇంత అవసరమైన మీట ఇంత లోపల దాక్కోవడమే లోపం. తెలుగు లేఔట్ ఎంచుకున్నవాళ్ళకు ఇది తేలిగ్గా కనపడాలని అడగాలి. లేఔట్లు కూర్చే ప్రాజెక్టు పేరు ఎక్స్‌కీబోర్డ్-కాన్ఫిగ్, ఫ్రీడెస్క్‌టాప్ అనేవాళ్ళ గిట్‌ల్యాబ్ సైటులో ఉంటుంది. ఇది అక్కడికి.

పాస్‌వర్డు సంగతి: మీ పిల్లలు తెలుగు లేఔట్‌లో ఉండగా తెరకు తాళం పడుతోందని నా అనుమానం. ఒకసారి చూసి చెప్పండి.

టైమ్ జోన్ గురించి రాయకండి. దేశమంతటికీ ఒకే సమయం, దాని పేరు అన్ని వ్యవస్థలూ వాడే ఉమ్మడి పట్టికలో 'ఏసియా/కోల్‌కతా' అని ఉంది. ప్రింటరుకు మోడల్ నంబరుతో వేరే ప్రశ్న వేయండి, ఇక్కడ కలిపితే రెండూ తేలవు. అప్‌డేట్ గుర్తు ఎప్పుడు రావాలో అప్‌డేట్ మేనేజర్ సెట్టింగుల్లో మీరే పెట్టుకోవచ్చు.

జవాబు – ఎలక్ట్రానిక్ సిటీ నుంచి

మేడమ్, మీ ఉత్సాహం తగ్గించాలని కాదు గానీ నా అనుభవం చెప్తాను. మూడేళ్ళ కిందట టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) తెలుగు అక్షరాలు విడివిడిగా పడుతున్నాయని రిపోర్టు రాశాను. ఇప్పటికీ ఎవరూ పలకలేదు. తెలుగువాళ్ళం ఎంతమందిమి లినక్స్ వాడుతున్నాం? మన కోసం ఎవరు చేస్తారు? దానికి పెట్టే సమయం పిల్లలకు పెట్టండి.

జవాబు – బసవనగుడి నుంచి

తమ్ముడూ, నీ బాధ నాకు తెలుసు, నావీ అలా పడున్నవి ఉన్నాయి. కానీ నువ్వు ఎంచుకున్నది చాలా పెద్ద పని. టెర్మినల్ అంటే సమానమైన గళ్ళ కాగితం. ఒక అక్షరానికి ఒక గడి అన్న లెక్క మీదే మొత్తం కట్టారు. మన గుణింతాలూ వత్తులూ ఆ గళ్ళలో ఇమడవు. అది కదలాలంటే పునాది తవ్వాలి. మేడమ్ రాసినవి ఆ రకం కాదు.

పాత సంగతి ఒకటి చెప్తాను. 2008లో ఉబుంటువాళ్ళు బ్రెయిన్‌స్టార్మ్ అని ఒక సైటు పెట్టారు. ఎవరికి తోచిన ఆలోచన వాళ్ళు రాయొచ్చు, మిగతావాళ్ళు ఓట్లేయొచ్చు. 2013లో దాన్ని మూసేశారు. నా లెక్కలో దాని లోపం ఒకటే, ఓటు వేసినవాడు పని చేయడు. 2009లో అదే ఉబుంటులో పేపర్‌కట్స్ అని వేరే పద్ధతి మొదలుపెట్టారు. కాగితం అంచు వేలికి గీసుకున్నంత చిన్న బాధలన్నమాట. కొత్తగా ఎక్కించిన మొదటి రోజే మామూలు మనిషికి తగలాలి, సరిచేయడం తేలికై ఉండాలి. అలాంటివి వంద ఏరి పట్టుకున్నారు. 2022లో కేడీఈవాళ్ళు పదిహేను నిమిషాల బగ్‌లని పెట్టిందీ ఇలాంటిదే, వాడడం మొదలుపెట్టిన పావుగంటలో ఎదురయ్యేవి. మేడమ్ నోటుబుక్కులో ఉన్నవన్నీ ఈ జాతివి. పిల్లలు మొదటి ఆదివారమే కనిపెట్టేశారు కదా! అందుకే వాటికి ఇంత విలువ ఇస్తున్నాను.

మన కోసం ఎవరు చేస్తారన్నావు. సగం తెలుగు మెనూల సంగతి మాత్రం మనమే చేయాలి, వేరేవాళ్ళు చేయలేరు. గ్నోమ్ అనువాదాలకు డ్యామ్డ్ లైస్ అనే సైటుంది, తెలుగు జట్టు పేజీ అందులోనే ఉంటుంది. ఏ ప్రోగ్రామ్‌లో ఎన్ని వాక్యాలు మిగిలాయో కనపడుతుంది. ఇరవై వాక్యాలు చేసినా ఇరవై మెనూలు మారతాయి.

ప్రశ్న అడిగినవారు – మహదేవపుర నుంచి

మీరన్నట్టే అయింది సార్! క్లాసు కోసం పాస్‌వర్డు ఇంగ్లిష్‌లో మ్యాంగో అని పెట్టుకున్నాం, ఇప్పుడు మార్చేశాం లెండి. పాస్‌వర్డు పెట్టె పక్కన కన్ను గుర్తు ఉంది, ఈసారి అది నొక్కి చూశాను. 'సోలుద' అని ఉంది! ఎమ్‌కి స, ఏకి ఓత్వం, ఎన్‌కి ల, జీకి కొమ్ము, ఓకి ద. పిల్లలు ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఔట్‌లో 'క్రమం' కొట్టి లేచి వెళ్ళారు, లేఔట్ తెలుగులోనే ఉండిపోయింది. చుక్కలు మాత్రమే కనపడుతుంటే ఎవరికి తెలుస్తుంది? ఒక బాబు తనే పాడుచేశాననుకుని ఏడుపు మొహం పెట్టాడు ఆ రోజు. కాసేపటికి బాగవడానికి కారణం ఎవరో లేఔట్ మార్చే మీటలు నొక్కడమే.

ఫోల్డరు పేరు గురించి రిపోర్టు రాశాను. పంపేముందు చూడండి. శీర్షిక: "తెలుగు సరిగ్గా రావడం లేదు". లోపల: "మీ వ్యవస్థలో తెలుగు వత్తులు తెగిపోతున్నాయి. పిల్లలు చదవలేకపోతున్నారు. దయచేసి వెంటనే బాగుచేయండి."

జవాబు – బసవనగుడి నుంచి

'సోలుద' ఒక్కటి చాలు మేడమ్, రిపోర్టుకు ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఆ తెర ఫొటో తీసి పెట్టండి. పాస్‌వర్డు పెట్టె పక్కనే ఏ లేఔట్ ఉందో కనపడాలని అడగండి. గ్నోమ్‌లో పై మూలన చిన్నగా చూపిస్తారు, కానీ పాస్‌వర్డు కొట్టేవాళ్ళ కన్ను అక్కడికి పోదు. ఇది తాళం తెర చేసేవాళ్ళకు వెళ్ళాలి.

వత్తుల రిపోర్టు చదివాను. చదివే మనిషికి తెలుగు రాదు, మీ ల్యాప్‌టాప్ ఎదురుగా లేదు. తెగింది ఎక్కడ? పేరు మార్చే పెట్టెలోనా, పక్క పట్టీలోనా? ఫాంటుదా తప్పు, ఆ ప్రోగ్రామ్‌దా? దీన్ని మీరే తేల్చొచ్చు. ముందు సెట్టింగుల్లో ఫాంటు నోటో సాన్స్ తెలుగుకు మార్చి చూడండి, తర్వాత లోహిత్ తెలుగుకు. ఫాంటు మారిస్తే పోయిందంటే తప్పు ఫాంటుది. ఏ ఫాంటుకైనా ఒకే చోట తెగుతోందంటే ఆ చోట వరుస ఎత్తు చాలడం లేదు, ఆ తప్పు థీమ్‌దో (తెర రూపురేఖలు నిర్ణయించేది) ప్రోగ్రామ్‌దో. తర్వాత కొత్త విడుదలను పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే ఎక్కించకుండానే, నడిపి, అక్కడా ఉందో లేదో చూడండి. ఇప్పటికే బాగుచేసినదాన్ని మళ్ళీ అడిగితే ఇద్దరి సమయమూ పోతుంది. ఆ బగ్‌ల పేజీలో ఇదివరకు ఎవరైనా రాశారేమో కూడా వెతకండి. ఉంటే కొత్తది తెరవకుండా మీ ఫొటో అక్కడే చేర్చండి.

శీర్షిక ఇలా పెట్టండి: "ఫైల్ మేనేజర్ పక్క పట్టీలో తెలుగు రెండో వత్తు కింది భాగం తెగిపోతోంది". లోపల మూడే మాటలు: ఏం చేశాను, ఏమొచ్చింది, ఏం రావాలి. విడుదల నంబరు, ఫాంటు పేరు. పక్కపక్కన రెండు ఫొటోలు, తెగిన 'రాష్ట్రాలు', తెగని 'రాష్ట్రాలు'. ష కింద ట వత్తు, దాని కింద ర వత్తు ఉండాలని ఒక బాణం గీయండి, తెలుగు రానివాళ్ళకు అదే దిక్కు. "వెంటనే" అన్న మాట తీసేయండి. అటువైపు మనిషి పగలంతా వేరే ఉద్యోగం చేసి, రాత్రి కూర్చుని ఇది చూస్తూ ఉండొచ్చు.

ప్రశ్న అడిగినవారు – మహదేవపుర నుంచి

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ఫాంట్లు మార్చి చూస్తే అన్నిటికీ పక్క పట్టీలోనే తెగింది, మిగతా చోట్ల లేదు. కొత్త విడుదలలోనూ అంతే. మీరు చెప్పినట్టే శీర్షిక పెట్టి, బాణం గీసి పంపాను. నాలుగో రోజు జవాబొచ్చింది: థీమ్‌లో ఆ వరుస ఎత్తు కొలత కట్టి పెట్టేశారట, ఇంగ్లిష్ అక్షరానికి సరిపోయేట్టు. దాని కింద కంబోడియా నుంచి ఒకాయన "మా ఖ్మేర్ అక్షరాలకూ ఇంతే" అని తన ఫొటో పెట్టారు. తర్వాతి విడుదలలో చేరుస్తామని గుర్తు పెట్టారు. ఆ ఫొటో చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

తాళం తెర రిపోర్టు తెరిచే ఉంది, ఎవరూ పలకలేదు ఇంకా. అందాకా లేఔట్ల వరుసలో ఇంగ్లిష్ పైన పెట్టి, లేచే ముందు సూపర్-స్పేస్ (సూపర్ అంటే విండోస్ గుర్తున్న మీట) నొక్కి ఇంగ్లిష్‌కు మార్చమని పిల్లలకు అలవాటు చేశాను. మెనూల్లో 'భద్రపరచు' చూసి "అంటే 'సేవ్' అనా మిస్?" అని అడుగుతున్నారు, ఆ మాటలు ఏవి ఉంచాలో ఏవి మార్చాలో అనువాదం మొదలుపెట్టాక మిమ్మల్నే అడగాలి.

మొన్న ఆదివారం ఆ పాప షిఫ్ట్-స్పేస్ నొక్కి తాతగారి అడ్రసు మళ్ళీ కొట్టింది. రాజ్‌కుమార్ రోడ్డు, రాజాజీనగర్. ప్రింట్ తీసివ్వమంది. ప్రింటరు గురించి మోడల్ నంబరుతో రేపు వేరే ప్రశ్న పెడతాను.