కంటి కింద వాపు, గురక: టర్కీలకు, నాటుకోళ్లకు మీరేం చేశారు?

నరసన్నపేట_పెరడు:
మా పెరట్లో టర్కీలు, నాటుకోళ్లు కలిసే తిరుగుతాయి. ఒక టర్కీ పెట్టకు కంటి కింద బాగా ఉబ్బిపోయి కన్ను సగం మూసుకుపోయింది. ముక్కు కారుతోంది, రాత్రి గూటి దగ్గర నిలబడితే గురక వినిపిస్తోంది. మేత మాత్రం తింటోంది, రెట్ట కూడా మామూలుగానే ఉంది. మందుల షాపులో అమాక్సిసిలిన్ ఇచ్చారు, ఏ మార్పూ లేదు. పిల్లలు దీన్ని చేతుల మీద పెంచారు, అందుకే టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

బొబ్బిలి_పుంజులు:
జరిగింది అన్నా. టర్కీకి కంటి కింద అలా ఉబ్బితే మొదట అనుమానించాల్సింది మైకోప్లాస్మాని. మా డాక్టరు గారు చెప్పిన ముక్క నాకు బాగా గుర్తుండిపోయింది: ఆ సూక్ష్మజీవికి కణం చుట్టూ గోడ ఉండదు. అమాక్సిసిలిన్, పెన్సిలిన్ లాంటివి పనిచేసేది ఆ గోడ మీదే. గోడే లేనిచోట అవేం చేస్తాయి? మావాటికి టైలోసిన్ నీళ్లలో కలిపి ఇమ్మన్నారు. డాక్సీసైక్లిన్ కూడా వాడతారట. మోతాదు పక్షి బరువును, అది తాగే నీటిని బట్టి ఉంటుంది కాబట్టి డాక్టరు చేతే రాయించుకోండి. మందు నీళ్లు పెట్టినన్నాళ్లూ వేరే నీళ్లు అందకుండా చూడాలి, లేకపోతే కాలవ దగ్గరకెళ్లి తాగేస్తాయి.

ముందు దాన్ని వేరే గదిలోకి మార్చేయండి. మేత, నీళ్లు బాగున్నవాటికి పెట్టాకే జబ్బుదాని దగ్గరకు వెళ్లండి.

చీపురుపల్లి_అక్క:
తమ్ముడూ, దగ్గరకెళ్లి వాసన చూశావా? మా నాటుకోళ్లకు మొహమంతా ఉబ్బి, ముక్కులోంచి కుళ్లు కంపు కొట్టే చీమిడి వచ్చింది. అది కొరైజా. ఒకదానికి వచ్చిందంటే రెండు మూడు రోజుల్లో పక్కవాటికి అంటుకుంటుంది. టర్కీలకు అది సాధారణంగా రాదు, కోళ్లకే వస్తుంది. నీ కోళ్లు బాగుండి టర్కీ ఒక్కటే ఉబ్బిందంటే బొబ్బిలి తమ్ముడు చెప్పిందే నాకూ సబబుగా ఉంది.

నోరు తెరిచి గొంతు కూడా చూడు. లోపల పసుపు పొరలు, మొహం మీద పొక్కులు ఉంటే మశూచి. దాన్ని దోమలు మోస్తాయి. వైరస్ కాబట్టి యాంటీబయాటిక్‌తో తగ్గదు. పుండ్లు చీము పట్టకుండా చూసుకోవాలంతే.

ఆమదాలవలస_రైతు:
గూడు గురించి ఎవరూ అడగలేదు. వానల్లో తడిసిన ఊకను అలాగే వదిలేస్తే రెట్ట కుళ్లి అమ్మోనియా పుడుతుంది. నిలబడితే మనకు తెలియదు, కోడి తల ఎత్తుకు వంగి చూడండి. కళ్లు మండితే గూడు మార్చాల్సిందే. ఆ ఘాటుకు కళ్లు, ఊపిరిగొట్టం లోపలి పొర దెబ్బతింటాయి, తర్వాత ఏ జబ్బయినా సులువుగా పడుతుంది. తడి ఊక మొత్తం ఎత్తేసి, నేల ఆరాక పొడి ఊక పరచండి. గాలి ఆడాలి, కానీ జల్లు లోపలికి కొట్టకూడదు. తుపాను రోజుల్లో మన వైపు అందరూ చేసేది గోనెపట్టాలతో నాలుగు వైపులా మూసేయడం. గురకలు ఎక్కువయ్యేది ఆ తర్వాతే.

మేత కూడా చూడండి. ఒట్టి నూకలు, తవుడు మీద పెరిగే పక్షికి విటమిన్ ఏ అందదు. రెప్పల కింద తెల్లటి ముద్దలు కడతాయి. మునగాకు తరిగి వేయండి, పసుపు మొక్కజొన్న కలపండి. పైసా ఖర్చులేని మునగాకు ప్రతి పెరట్లో ఉంది, వాడేవాళ్లే తక్కువ.

నరసన్నపేట_పెరడు:
వాసన లేదు అక్కా, గొంతు శుభ్రంగా ఉంది. ఊక మాత్రం తడిగానే ఉంది, ఈరోజే ఎత్తించేశాను. వాపు నొక్కితే గట్టిగా తగులుతోంది. పిన్నుతో పొడిచి చీము తీసేయమంటున్నారు పక్కింటివాళ్లు.

బొబ్బిలి_పుంజులు:
పొడవకండి. లోపల చీము గడ్డ పెరుగులా ముద్ద కట్టి ఉంటుంది, పిన్నుకు రాదు. కంటికి అంత దగ్గర కాబట్టి డాక్టరే కోసి తీయాలి. మీరు సెలైన్‌తో కన్ను కడగొచ్చు. ఇంట్లో ఉన్న మనుషుల కంటి చుక్కలు మాత్రం వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉండి, కంట్లో పుండు కూడా ఉంటే చూపు పోవచ్చు. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. నిర్ధారణ కావాలంటే గరివిడి పశువైద్య కళాశాలలో అడగండి.

మందస_జీడితోట:
మధ్యలో అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మా తోటలోకి వచ్చే ఒక నెమలికి ఇలాగే కన్ను ఉబ్బి ఉంది. పట్టుకుని ఇదే మందు వేయొచ్చా?

చీపురుపల్లి_అక్క:
వద్దు బాబూ. నెమలి 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. పట్టినా, ఇంట్లో ఉంచినా నేరం. అటవీశాఖ వాళ్లకు చెప్పు, వాళ్లు వైద్యం చేయిస్తారు. నెమళ్లకు కూడా ఈ మైకోప్లాస్మా వస్తుంది, కంటి కింద ఇలాగే ఉబ్బుతుంది. మీ కోళ్ల తొట్టిలో నీళ్లు తాగుతోందేమో చూడు. అలాగైతే తొట్టి లోపలికి మార్చు, అటు నుంచి ఇటూ ఇటు నుంచి అటూ అంటకుండా ఉంటుంది.

ఆమదాలవలస_రైతు:
ఇంకొకటి. ఆకుపచ్చ రెట్ట, మెడ మెలి తిరగడం కనిపిస్తే కొక్కెర తెగులు కావచ్చు. ఉన్నట్టుండి వరసగా చచ్చిపోతే బర్డ్ ఫ్లూ కూడా కావచ్చు, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వచ్చింది కదా. అప్పుడు దేన్నీ ముట్టుకోకుండా, కోయకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పండి.

నరసన్నపేట_పెరడు:
డాక్టరు గారు వచ్చి చూశారు. మైకోప్లాస్మా అయి ఉంటుందన్నారు, టైలోసిన్ రాశారు. వాపు తగ్గకపోతే కోసి తీస్తానన్నారు. తగ్గాక దీని గుడ్లు పొదగేయొచ్చా? మా బావగారు సంతలో అమ్మేయమంటున్నారు.

బొబ్బిలి_పుంజులు:
రెండూ వద్దన్నా. పైకి తగ్గినా క్రిమి లోపలే ఉండిపోతుంది, గుడ్డు ద్వారా పిల్లలకూ వెళ్తుంది. సంతకు తీసుకెళ్తే కొన్నవాళ్ల మంద మొత్తానికి అంటుతుంది. పెంచుకునేదే కాబట్టి విడిగా ఉంచుకోండి. మందు వాడుతున్నప్పటి గుడ్లు తినకండి, ఆపాక ఎన్నాళ్లకు తినొచ్చో డాక్టరు గారినే అడగండి. పిల్లలు కావాలంటే ఈ గురక ఎప్పుడూ రాని మంద నుంచి గుడ్లు తెచ్చి కోడిపెట్ట కింద పెట్టండి, కానీ మీ పెట్టలు వీటితో కలిసి తిరిగినవే కాబట్టి పొదిగే పెట్ట కూడా బయటిదైతేనే మంచిది.