నాన్న యెజ్డీ రోడ్‌కింగ్ బైక్ అమ్ముదామనుకుంటున్నా, ఎంత చెప్పాలి?

కంచరపాలెం కుర్రాడు:
అందరికీ నమస్తే. మా నాన్నది 1990 రోడ్‌కింగ్, ఏపీ 31 నంబరు. నాలుగేళ్ళ కింద సరదా కొద్దీ కేఫ్ రేసర్ (పాతకాలం రేసు బండి స్టైల్) చేయించా, సింగిల్ సీటు, క్లిప్-ఆన్ హ్యాండిల్, ట్యాంకు కూడా వేరేది, మెరూన్ పోయి మాట్ బ్లాక్ అయింది. లక్షా పది దాకా అయింది (ఇంట్లో నలభై వేలని చెప్పా). ఇప్పుడు పాప పుట్టింది, సింగిల్ సీటు మీద ఎవర్నెక్కించుకోను? రెండు లక్షలంటే ఎక్కువా? మొన్న ఒకబ్బాయి వచ్చాడు, కిక్ రాడ్డే ముందుకి తిప్పితే గేర్ రాడ్డవుద్దని తెలీక గేరెక్కడా గేరెక్కడా అని వంగి వంగి వెతికాడు, వాడికివ్వడానికి మనసొప్పలేదు.

టూ స్ట్రోక్ మావయ్య:
నువ్వు పెట్టిన లక్ష నీ సరదాకి చెల్లు, అది తిరిగి రాదబ్బాయ్. నీలాంటోడు కొంటే వాడి డిజైన్ వాడు చేయించుకుంటాడు, నీ మాట్ బ్లాక్ వాడికెందుకు. పాతబండి పిచ్చోడు కొంటే మైసూరు ఫ్యాక్టరీ నుంచి ఇప్పుడే దిగినట్టుండాలంటాడు, ఆ ఫ్యాక్టరీ 1996లోనే మూతబడింది కాబట్టి ఒరిజినల్ సామాను దొరకడం గగనం. పాత ట్యాంకు, సీటు, మడ్‌గార్డులు ఏం చేశావు? పాతినుప సామానోడికి వేసేశావా ఏటి కొంపదీసి?

గాజువాక గేర్లు:
సామాను సరే, కాగితాల సంగతేంటి బ్రో. మొదటి 15 ఏళ్ళయ్యాక ప్రతి 5 ఏళ్ళకీ ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి, 1990 బండంటే 2025లో మళ్ళీ వచ్చుంటది, చూసుకో. ఆర్‌సీలో మెరూన్, ఎదురుగా నల్ల బండి ఉంటే ఇన్‌స్పెక్టర్ ఊరుకోడు, బండిని మార్చడం మీద మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉండనే ఉంది. బండి నాన్నగారి పేరునే ఉంటే, కొన్నోడి పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు ఆయనే పెట్టాలి. ఇంకోటి, వింటేజ్ అని రాయకు, 2021 రూల్స్ ప్రకారం 50 ఏళ్ళు దాటితేనే వింటేజ్.

బీచ్‌రోడ్ బాబాయ్:
ట్రాన్స్‌ఫర్ నేనే చేయించుకుంటా సార్ అంటే మాత్రం నమ్మకు. నేనలాగే నా పాత ఆర్ఎక్స్ 100 ఇచ్చేశా, ఎనిమిది నెలలకి మద్దిలపాలెం దగ్గర ముగ్గురెక్కిన ఫొటోతో చలానా నా ఫోన్‌కే వచ్చింది, అందులో ఒక్కడికీ హెల్మెట్ లేదు.

కంచరపాలెం కుర్రాడు:
అటకెక్కి చూశా. ట్యాంకు ఉంది, మూత తీస్తే లోపలంతా తుప్పు, మన ఉప్పుగాలి సంగతి తెలిసిందే కదా. మడ్‌గార్డులు బానే ఉన్నాయి. ఆర్‌సీ గడువు మొన్న జూలైలోనే అయిపోయిందంట, ముందు మెరూన్ కొట్టించి రెన్యువల్ పని చూస్తా, రేటు తర్వాత. సీటు మాత్రం అమ్మ కుట్టుమిషను ముందున్న బల్ల మీద దొరికింది, నాలుగేళ్ళుగా దాని మీదే కూర్చుని జాకెట్లు కుడుతోందంట. అడిగితే ఇవ్వనంటోంది.