సమస్య: దయ్య మొకటి నేర్పె నయ్య లెక్క

ఈ వారం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం:

దయ్య మొకటి నేర్పె నయ్య లెక్క

ఇందులో ఐదు గణాలూ సూర్యగణాలే, అంటే మూడు మాత్రల చిన్న గణాలు. పాదం మొదటి అక్షరానికి కలిసే అక్షరం నాలుగో గణం మొదట రావడం యతి. దానికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాన్ని కలిపే ప్రాసయతి వేశాను (దయ్య - నయ్య). పై మూడు పాదాలు రాసి పూరించడం మీ వంతు. విషయం మాత్రం మన చిన్నప్పుడు చదువు చెప్పిన బొమ్మలు.

ఈ పాదం నాకు ఎలా తట్టిందో చెబుతాను. మా బాబాయి అమెరికా నుంచి అమలాపురం వస్తూ పిల్లల కోసం ఒక వీడియో క్యాసెట్ తెచ్చాడు. మన వీసీఆర్‌లో పెడితే గీతలు తప్ప ఏమీ రాలేదు. అప్పట్లో వాళ్ల టీవీ పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మనది పాల్. రెండూ ఆడే వీసీఆర్ అద్దెకు తెచ్చేసరికి నాలుగు రోజులు పట్టింది. అదే సెసమీ స్ట్రీట్. 1969 నవంబరు 10న అక్కడ మొదలైన పిల్లల టీవీ కార్యక్రమం, బొమ్మలతో చదువు చెప్పేది. అందులో ఊదారంగు మొహం, కోరలు, ఒంటికన్ను అద్దం ఉన్న ఒక రక్తపిశాచి బొమ్మ. పేరు కౌంట్. ఇంగ్లీషులో ఆ మాటకి జమీందారు లాంటి బిరుదు అనీ అర్థం, లెక్కపెట్టడం అనీ అర్థం. కనిపించినవన్నీ లెక్కపెట్టి పగలబడి నవ్వేవాడు. వెంటనే ఉరుము.

మాకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. అయినా వానాకాలం కరెంటు పోయి, కాలవ అవతల ఉరుములు మొదలైతే, నేనూ చెల్లీ దుప్పట్లో దూరడం మానేసి "ఒకటి! రెండు!" అని అరిచేవాళ్లం. ఉరుములంటే భయం పోయింది ఆ క్యాసెట్ వల్లే.

పాలకొల్లు నుంచి ఒక సోదరి పూరణ:

కోర లున్న బొమ్మ గొంతెత్తి నవ్వుచు
నొకటి రెండు మూడు నొగి వచించి
పిడుగు మెఱయ మురియఁ బిల్లలందఱు నాఁడు
దయ్య మొకటి నేర్పె నయ్య లెక్క

చాలా బాగుందమ్మా. నడకలో ఎక్కడా తడబాటు లేదు. 'ఒగి' అంటే వరసగా అని, తెలియనివారి కోసం చెబుతున్నాను.

రాజోలు మాస్టారు: పద్యం హాయిగా సాగిందమ్మా. ఒక్క మాట. మెరిసేది మెరుపు, పిడుగు పడుతుంది. 'మెఱుపు' అని మొదలుపెడితే యతి పోతుంది. 'పిడుగు పడఁగ మురియఁ బిల్లలందఱు నాఁడు' అనండి. పిడుగు పడుతుంటే పిల్లలు మురవడం ఇంకా వింతగా ఉంటుంది. సమస్యకి కావలసింది ఆ వింతే.

పాలకొల్లు: ఆయ్, మార్చానండి మాస్టారూ. నేను క్యాసెట్ చూడలేదండి. 2006లో మన దేశంలో దాన్నే గలీ గలీ సిమ్ సిమ్ అని హిందీలో తీశారు కదా, మా పాప అది చూసేది. స్కూలు యూనిఫాంలో ఉండే చమ్కీ బొమ్మ అంటే దానికి ప్రాణం. చమ్కీ జడలే కావాలని రోజూ నా దగ్గర పేచీ.

కాకినాడ నుంచి ఒకరు తోలుబొమ్మలాట తెచ్చారు. ఆ ఆటకి పేరున్న మాధవపట్నం దగ్గరలోనే ఉంది కాబట్టి ఎవరో ఒకరు తెస్తారనే ఎదురుచూశాను:

తెల్ల తెరను నీడ దెయ్యమై కదలంగ
తోలుబొమ్మ లెన్నొ దుమికి యాడె
భయము పోవ నేను బొమ్మల నెంచితి
దయ్య మొకటి నేర్పె నయ్య లెక్క

భావం నాకు చాలా నచ్చింది. నీడని చూసి జడిసిన పిల్లాడు ధైర్యం కోసం బొమ్మల్ని లెక్కపెట్టుకోవడం నిజంగా జరిగేదే. మూడో పాదంలో యతి తప్పింది. భ, బ హల్లులు కలిశాయి కానీ 'భ'లో అకారం, 'బొ'లో ఒకారం. అచ్చు కలవలేదు. 'భయము పోవ వాని బలుమాఱు లెంచితి' అంటే సరిపోతుంది. దయ్యం, దెయ్యం రెండు రూపాలూ వాడుకలో ఉన్నవే కాబట్టి మొదటి పాదానికి ఇబ్బంది లేదు.

కాకినాడ: సవరణకి ధన్యవాదాలండి. మా నాన్నగారి భుజం మీద కూర్చుని చూసిన ఆట అది. తోలు పలచగా ఉంటుంది కదండీ, నీడ కూడా ఎర్రగా, పచ్చగా రంగుల్లో పడేది. నవ్వించే కేతిగాడు బొమ్మ వచ్చాక గానీ నా భయం తీరలేదు.

అంతర్వేది నుంచి వచ్చిన పూరణలో దయ్యం 1996 నవంబరు తుపాను, లెక్క కూలిన కొబ్బరిచెట్లది. చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ అది ఈ బొమ్మల మధ్య ఇమడదు. ఆ తుపాను వచ్చిన నవంబరు 6న విడిగా పెడతాను, కవిగారు ఒప్పుకున్నారు.

రాజోలు మాస్టారు మళ్లీ వచ్చారు: ఈ సమస్యలో దయ్యానికీ లెక్కకీ పాత చుట్టరికం ఉందండి. ఐరోపా పల్లెల్లో రక్తపిశాచి దారిలో గింజలు చల్లేవారట. అన్నీ లెక్కపెట్టే దాకా అది అక్కణ్ణుంచి కదలదని నమ్మకం. ఇక నా పూరణ. కౌంట్‌ని మొదట ఆడించి గొంతు ఇచ్చినాయన జెర్రీ నెల్సన్. 1972లో ఆ బొమ్మ వచ్చింది, ఆయన 2012లో పోయారు. బొమ్మ ఇంకా లెక్కపెడుతూనే ఉంది, వేరొకరి చేతి మీద.

చేయి యొకటి లోనఁ జేరి యాడించెను
గొంతు నిచ్చి తాను గుప్తమయ్యె
మనిషి కానరాఁడు మాటయే మిగిలెను
దయ్య మొకటి నేర్పె నయ్య లెక్క

మాస్టారూ, సమస్య ఇచ్చినప్పుడు నేను కోరల దయ్యాన్నే చూశాను. లోపల చేయి పెట్టినవాడు నాకు తట్టలేదు. 'గుప్తమయ్యె' ఒక్క మాటలో తెర వెనక దాగడమూ ఉంది, వెళ్లిపోవడమూ ఉంది. ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ.

పాలకొల్లు: మాస్టారి పద్యం మా పాపకి చదివి వినిపించానండి. ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది. "చమ్కీ లోపల ఎవరున్నారమ్మా?" అని అడిగింది. ఇద్దరం కూర్చుని వెతుకుతున్నాం.