బలాన్ని బట్టి పని పంచితే, ఎవరికీ ఇష్టం లేని పని ఎవరు చేయాలి?

కొత్తలీడ్:
నమస్కారం అండీ. టీమ్ లీడ్ అయి ఐదు నెలలైంది, నాతో కలిపి ఏడుగురం. సాఫ్ట్‌వేర్ సపోర్ట్ మాది, క్లయింట్ల దగ్గర్నుంచి వచ్చే సమస్యలు చూసి సరిచేసి పంపాలి. ఆ మధ్య మా పైవాళ్లు అందరి చేతా ఎవరి బలాలేంటో చెప్పే స్ట్రెంగ్త్స్ టెస్ట్ చేయించి (34 థీమ్‌లు, అంటే సహజ గుణాలు, ఉండేది), రిపోర్టులు నా చేతికిచ్చి, ఇకమీదట ఎవరి బలాన్ని బట్టి వాళ్లకి పని ఇవ్వమన్నారు. ఆలోచన నాకూ నచ్చింది, మనసుపెట్టే చేశాను. బాగా మాట్లాడే అబ్బాయికి క్లయింట్ కాల్స్, తప్పులు పట్టడంలో దిట్ట అయిన ఒకామెకి చివరి చెకింగ్, ఇలా.

ఆరు వారాలు తిరిగేసరికి రెండు ఇబ్బందులు తేలాయి. డాక్యుమెంటేషన్, షిఫ్ట్ మారేటప్పుడు రాసే నోట్స్, పాత టికెట్లు (క్లయింట్ల సమస్యల ఎంట్రీలు) క్లోజ్ చేయడం, ఇవి ఎవరి రిపోర్టులోనూ లేవు కదా, చివరికి కాదనలేని ఇద్దరి నెత్తిన పడ్డాయి. రెండోది, చెకింగ్ చేసే ఆమె దగ్గర పని పేరుకుపోతోంది. పోయిన శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి చూస్తే ఒక్కతే కూర్చుని, ఒక మెయిల్‌లో అదే వాక్యం మూడోసారి మారుస్తోంది, పక్కన ఇంకా పదకొండు టికెట్లు ఆగి ఉన్నాయి. ఇంటికి వెళ్లమంటే "నేను చూడకుండా పోతే ఏదో ఒకటి తప్పు వెళ్తుందండీ" అంది. నాకు చాలా బాధేసింది. నేను ఎక్కడ పొరపాటు చేశాను? పాత పద్ధతికే వెళ్లిపోవాలా?

నిదానం:
వెళ్లకండి. పద్ధతి తప్పు కాదు, టెస్ట్ చెప్పని మాట మీరు అందులో చదివారు, అంతే. నేనూ మొదట్లో అలాగే చేశాను. మీరు చెప్పేది గాలప్ అనే అమెరికన్ సర్వే కంపెనీ వాళ్ల టెస్టే అయి ఉంటుంది, డొనాల్డ్ క్లిఫ్టన్ అనే సైకాలజిస్ట్ తయారుచేసింది. అందులో 177 జతల వాక్యాలుంటాయి, ఒక్కో జతకి 20 సెకన్లు, మీకు ఏది దగ్గరగా ఉందో నొక్కాలి. అంటే మన గురించి మనం చెప్పుకున్నదే. పని చేయించి చూసింది కాదు. అందులో వచ్చేవి సహజంగా మొగ్గు ఉన్న వైపులు, వాటి మీద నేర్చుకోవడం, సాధన కలిస్తేనే బలం అవుతాయని ఆ పద్ధతి వాళ్లే చెబుతారు.

నేనైతే రిపోర్ట్ పక్కనపెట్టి రెండు వారాలు ఊరికే గమనిస్తాను. ఏదైనా ఇరుక్కుంటే మిగతావాళ్లు ఎవరి సీటు దగ్గరికి నడిచి వెళ్తున్నారు? ఎవరు ఏ పనిని అడక్కుండానే ముందు తెరుస్తున్నారు, దేన్ని సాయంత్రం దాకా తోసేస్తున్నారు? మా టీమ్‌లో మీటింగుల్లో నోరు విప్పని కుర్రాడు ఒకడుండేవాడు. కోపంగా ఉన్న క్లయింట్‌కి అతను రాసిన జవాబు ఒకసారి అనుకోకుండా చదివాను. నాలుగే వాక్యాలు, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, ఎప్పటికి సరవుతుంది, ఈలోగా వాళ్లు ఏం చేయాలి. ఆ క్లయింట్ మళ్లీ ఫోన్ చేయలేదు. కాల్స్‌లో తడబడతాడు కాబట్టి క్లయింట్ల పనికి పనికిరాడని అప్పటిదాకా అనుకున్నాను. రాతలో అతన్ని మించినవాళ్లు లేరు, ఆ సంగతి ఏ రిపోర్టూ నాకు చెప్పలేదు.

ఇష్టంలేని పని గురించి ఒకే మాట. దాన్ని బలాల లెక్కలోంచి పూర్తిగా తీసేసి వంతులు వేయండి, మీ వంతు మొదటిది పెట్టుకోండి.

నాలుగేళ్ల_రిపోర్టులు:
లీడ్‌గా కాదు, అవతలి వైపు నుంచి రాస్తున్నాను. పాత ఆఫీసులో నాకు ఎక్సెల్ బాగా వచ్చని నెలవారీ రిపోర్టులు ఇచ్చారు. మొదటి ఏడాది గర్వంగానే ఉండేది. తర్వాత నాతో చేరినవాళ్లు కొత్త ప్రాజెక్టుల్లోకి వెళ్తుంటే, నేను అడిగిన ప్రతిసారీ "మీరు లేకపోతే రిపోర్టులు ఎవరు చేస్తారు" అన్నారు, అలా నాలుగేళ్లు గడిచాయి. ఇంటర్వ్యూకి వెళ్లి కూర్చుంటే చెప్పుకోవడానికి ఆ ఒక్కటే ఉంది, ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. బాగా చేయడం వేరు, అదే చేస్తూ ఉండాలనుకోవడం వేరు. దయచేసి ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి "ఇది నీకు వచ్చు, సరే, వచ్చే ఏడాదికి ఏం నేర్చుకోవాలని ఉంది" అని అడగండి. నన్ను ఒక్కసారి అడిగి ఉంటే అక్కడే ఉండేదాన్ని.

జతపని:
చెకింగ్ చేసే ఆమె గురించి. మెరెడిత్ బెల్బిన్ అని బ్రిటన్‌లో టీమ్‌ల మీద ఏళ్ల తరబడి పనిచేసిన పరిశోధకుడు ఒకాయన. హెన్లీ మేనేజ్‌మెంట్ కాలేజీలో టీమ్‌ల మధ్య పోటీలు పెట్టి చూస్తే, బాగా తెలివైనవాళ్లందరినీ ఏరి ఒకచోట వేసిన టీమ్‌లు తరచూ వెనకబడ్డాయి, ఒకరి వాదనలో ఒకరు లొసుగులు వెతకడంలోనే సమయం పోయింది. ఆ పరిశీలనల్లోంచే ఆయన టీమ్ పాత్రలు తయారుచేశాడు, ఇప్పుడు తొమ్మిది. వాటిలో ఒకటి అచ్చం మీ ఆమెదే, చివరిదాకా చూసి తప్పు పోనివ్వని మనిషి. ఆ మనిషికి అతి ఆందోళన, పని ఇంకొకరికి వదల్లేకపోవడం కూడా ఉంటాయంటాడు. ఆ బలంతోపాటు వచ్చేదే అది, ఆమె తప్పు కాదు.

అందుకే "తొందరగా చెయ్యి" అంటే లాభం ఉండదు, ఆమె చేతికి వచ్చేదాన్నే తగ్గించాలి. ఏవి ఆమె చూడకుండా వెళ్లకూడదో ఇద్దరూ కూర్చుని తేల్చండి, డబ్బు లెక్కలు, డేటా మార్చేవి, అలాంటివి. మిగతావి రాసినవాళ్లే పక్కవాళ్లకి చూపించి పంపేస్తారు, తప్పు పోతే బాధ్యత లీడ్‌దని మీరు అందరి ముందూ చెప్పాలి. అది చెప్పకపోతే ఆమె వదల్లేదు. ఇంకొకటి, ఒక్కో పనికి ఒక్క మనిషే ఉంటే ఆ మనిషి సెలవు పెట్టిన రోజు మీ టీమ్ ఆగిపోతుంది. పక్కన ఒకరిని జతచేయండి.

కొత్తలీడ్:
అందరికీ థాంక్సండీ. ఇవాళ ఆమెతో గంటసేపు మాట్లాడాను. తప్పనిసరిగా తను చూడాల్సినవి రాయమంటే మొదట పందొమ్మిది రాసింది, మాట్లాడుతూ మాట్లాడుతూ ఏడుకి వచ్చాం, ఆ ఏడులో ఒకటి తీసేద్దామని నేనంటే ఒప్పుకోలేదు, కారణం విన్నాక ఆమెదే సరైనదనిపించి ఉంచేశాను. వచ్చే ఏడాది ఏం నేర్చుకోవాలని ఉందని అడిగితే చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, కొత్తగా చేరేవాళ్లకి ట్రైనింగ్ ఇవ్వాలని ఉందని చెప్పింది. నేను కలలో కూడా అనుకోలేదు. డాక్యుమెంటేషన్ వంతులు సోమవారం నుంచి, మొదటి వారం నాది.