అప్‌డేట్: గేమింగ్ ల్యాప్‌టాప్‌ని డెస్క్‌టాప్‌గా వాడొచ్చా అని అడిగాను కదా

టేబుల్ మీద నుంచి పెద్దగా కదపను, అయినా డెస్క్‌టాప్ బదులు 18 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోవచ్చా అని రెండు నెలల క్రితం అడిగాను. తీసుకున్నాను, చాలా సంతోషంగా ఉన్నాను. మొదట్లో మూత మూసేసి మానిటర్‌కి కలిపితే గేమ్ మొదలైన పది నిమిషాలకే ప్రాసెసర్ 95 డిగ్రీలకి వెళ్లిపోయేది, కీబోర్డ్ వైపు నుంచి కూడా వేడి బయటికి పోవాలని మీలో ఒకరు చెప్పాక మూత తెరిచి, వెనక రెండు చెక్క ముక్కలు పెట్టి ఎత్తాను, ఇప్పుడు 85 దగ్గర ఆగుతోంది. ఎప్పుడూ ప్లగ్‌లోనే ఉంటుంది కాబట్టి ఛార్జింగ్ 80 శాతం దాటకుండా సెట్ చేశాను, బ్యాటరీ ఉబ్బుతుందన్న టెన్షన్ తగ్గింది. 330 వాట్ల అడాప్టర్ మాత్రం ఇటుకంత ఉంది, ఊరెళ్లేటప్పుడు మోయడం కష్టమే. మొన్న వానకి కరెంటు పోతే మానిటర్ ఆరిపోయింది గానీ ఎడిట్ చేస్తున్న వీడియో అలాగే ఉంది, ల్యాప్‌టాప్ స్క్రీన్ మీదే సేవ్ చేసుకున్నాను. థ్యాంక్స్ అందరికీ.